క్యాంపస్‌లో గంజాయి: చట్టంలో ఉన్న రెండో దారి హాస్టల్ నిబంధనల్లో ఎందుకు కనిపించదు?

విజయవాడ శివార్లలోని ఇబ్రహీంపట్నం నుంచి బయలుదేరే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం దాటి కోంటా దగ్గర ఛత్తీస్‌గఢ్‌లోకి అడుగుపెడుతుంది. అక్కడి నుంచి సుక్మా, జగదల్‌పూర్, కాంకేర్, ధమ్‌తరి మీదుగా రాయ్‌పూర్ చేరుతుంది. ఆపై జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్ వైపు సాగిపోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోనూ, సరిహద్దుకు అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల్లోనూ పండే గంజాయి ఉత్తరాదికి తరలిపోయే దారుల్లో ఇదొకటి.

రాయ్‌పూర్‌కు చదువుల కోసం వెళ్లే తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడి ఎన్ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారివి. ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ సీట్లు నీట్ ర్యాంకుతో, నవా రాయ్‌పూర్‌లోని హిదాయతుల్లా నేషనల్ లా యూనివర్సిటీలో సీట్లు క్లాట్ ర్యాంకుతో, ఐఐఎంలో సీట్లు క్యాట్ స్కోరుతో వస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండీ నిండకుండానే ఇల్లు వదిలి, భాష తెలియని ఊళ్లో, హాస్టల్ గదిలో కొత్త జీవితం మొదలుపెట్టే వయసు అది.

అలాంటి గదిలో ఒకరి అల్మరాలో గంజాయి పొట్లం దొరికితే ఏమవుతుంది? చాలామంది తల్లిదండ్రులకు తెలిసిన సమాధానం ఒక్కటే: పోలీసు కేసు, కాలేజీ నుంచి బహిష్కరణ. చట్టం చదివితే మాత్రం సమాధానం అంత సూటిగా ఉండదు. అందులో శిక్షతో పాటు చికిత్స దారి కూడా ఉంది. ఆ రెండో దారి క్యాంపస్ గేటు దాటి లోపలికి రాకపోవడమే అసలు సమస్య.

రాయ్‌పూర్ ఎందుకు గమనించాలి?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశవ్యాప్తంగా చేసిన సర్వే 2019లో వెలువడింది. మద్యం తాగేవారి నిష్పత్తి దేశ సగటున 14.6 శాతం ఉంటే, ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం. రాష్ట్రాల్లో అదే అత్యధికం. గంజాయి, భంగు, చరస్ వాడకం దేశ సగటు కంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలోనూ ఉత్తరప్రదేశ్, పంజాబ్, సిక్కిం, ఢిల్లీలతో పాటు ఛత్తీస్‌గఢ్ ఉంది.

ఈ రాష్ట్రంలో మద్యం దుకాణాలను 2017 నుంచి ప్రభుత్వ సంస్థే నడుపుతోంది. ఒక మత్తును సర్కారే అమ్ముతుంది, ఇంకో మత్తుకు జైలు శిక్ష ఉంటుంది. విద్యార్థులు ఈ తేడాను చూస్తూనే పెరుగుతారు. నిబంధన వెనుక కారణం చెప్పకుండా ‘నిషేధం’ అని మాత్రమే రాస్తే వాళ్లు దాన్ని సీరియస్‌గా తీసుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

పోలీసుల వైపు నుంచి చూస్తే, ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఆసక్తికరమైన ప్రయత్నం జరిగింది. ఐపీఎస్ అధికారి సంతోష్ కుమార్ సింగ్ 2021లో కొరియా జిల్లా ఎస్పీగా ఉన్నప్పుడు ‘నిజాత్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. నిజాత్ అంటే విముక్తి. అమ్మేవారిపై కేసులు, జనంలో అవగాహన, వాడేవారికి కౌన్సెలింగ్ అనే మూడు పనులను ఒకే కార్యక్రమం కింద నడపడం దాని పద్ధతి. ఆయన బదిలీలతో పాటు అది ఇతర జిల్లాలకు, 2024లో రాయ్‌పూర్‌కు చేరింది. అమ్మేవాడినీ, అలవాటుపడినవాడినీ ఒకే గాటన కట్టకూడదని పోలీసు శాఖలోనే ఒక అధికారి గుర్తించడం ఇక్కడ ముఖ్యం. విశ్వవిద్యాలయాల నియమావళి ఇంకా ఆ మెట్టు ఎక్కాల్సి ఉంది.

చట్టం అసలు ఏం చెబుతోంది?

మాదకద్రవ్యాల కేసులన్నీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తాయి. ఇందులో శిక్షను తేల్చేది ముఖ్యంగా బరువు. గంజాయి అయితే కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’, 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. స్వల్ప పరిమాణానికి ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వాణిజ్య పరిమాణానికి కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. ఈ రెంటి మధ్య ఎంత దొరికినా 10 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు.

గంజాయి లెక్క చూసి అన్ని డ్రగ్స్‌కూ అంతే అనుకుంటే పొరపాటు. ఎండీఎంఏకు స్వల్ప పరిమాణం అర గ్రాము మాత్రమే, వాణిజ్య పరిమాణం 10 గ్రాములు. హెరాయిన్‌కు అవి 5 గ్రాములు, 250 గ్రాములు. ఎల్‌ఎస్‌డీకి 2 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు. పైగా అసలు మత్తు పదార్థంలో కలిపిన ఇతర పొడి బరువునూ లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. అంటే పార్టీ కోసం ఒక గ్రాము ఎండీఎంఏ తెప్పించుకున్న విద్యార్థి, అర కిలో గంజాయితో పట్టుబడిన వ్యక్తి కంటే పెద్ద సెక్షన్‌లో చిక్కుకుంటాడు. హాస్టళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కేవలం వాడినందుకు 27వ సెక్షన్ ఉంది. గంజాయి వంటి వాటికి ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా లేదా రెండూ. కొకైన్, హెరాయిన్ వంటి వాటికి ఏడాది వరకు.

ఇక చికిత్స దారి. వాడకం కేసులోగానీ, స్వల్ప పరిమాణం కేసులోగానీ ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే విచారణ నుంచి మినహాయింపు ఇచ్చేది 64ఏ సెక్షన్. చికిత్స మధ్యలో ఆపేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. 39వ సెక్షన్ ప్రకారం, నేరం రుజువైన తర్వాత కూడా జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది.

వినడానికి బాగానే ఉన్నా ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రెండు సెక్షన్లూ వర్తించేది ‘వ్యసనపరుడికి’, అంటే మత్తు లేకుండా ఉండలేని స్థితికి చేరినవారికి. వారాంతంలో స్నేహితులతో కలిసి రెండు దమ్ములు పీల్చిన రెండో సంవత్సరం విద్యార్థి ఆ నిర్వచనంలో సరిగ్గా ఇమడడు. చట్టం దృష్టిలో అతని సమస్య చికిత్సకు తగినంత ముదరలేదు, శిక్షకు మాత్రం తగినంత ఉంది.

ఏ సెక్షన్ పెడతారన్నదీ కీలకమే. ఈ చట్టం కింద శిక్షపడిన పెద్దలకు ప్రొబేషన్ దొరికేది ప్రధానంగా 27వ సెక్షన్ కేసుల్లోనే. అదే పొట్లాన్ని ‘వాడకం’గా కాక ‘కలిగి ఉండటం’గా రాస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. ఎఫ్‌ఐఆర్‌లో రాసే ఒక అంకె మీద ఒక కుర్రాడి భవిష్యత్తు ఆధారపడుతుంది.

కలమసేరి నేర్పిన పాఠం

బరువు తేడా ఎంత మారుస్తుందో కేరళలో 2025 మార్చిలో కనిపించింది. కలమసేరి ప్రభుత్వ పాలిటెక్నిక్ హాస్టల్‌పై పోలీసులు దాడి చేసినప్పుడు ఒక గదిలో రెండు కిలోలకు కాస్త తక్కువగా, మరో గదిలో పది గ్రాముల లోపు గంజాయి దొరికింది. ముగ్గురు విద్యార్థులు అరెస్టయ్యారు. తక్కువ పరిమాణం దొరికిన గదిలోని ఇద్దరికి స్టేషన్‌లోనే బెయిల్ వచ్చింది, రెండో గది విద్యార్థి రిమాండ్‌కు వెళ్లాడు.

అంతకంటే ముఖ్యమైనది, ఆ దాడి ఎలా జరిగిందన్నది. క్యాంపస్‌లోకి గంజాయి వస్తోందని పోలీసులకు లేఖ రాసింది ఆ కాలేజీ ప్రిన్సిపలే. పేరు పోతుందని దాచిపెట్టకుండా ఆయన తెలియజేశారు. చాలా సంస్థల్లో జరిగేది దీనికి తలకిందులు.

అందుకు కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2025 జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినోత్సవం రోజున, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు ‘ఈగిల్’ అని కొత్త పేరు పెట్టారు. విద్యాసంస్థల్లో గంజాయి, డ్రగ్స్ దొరికితే యాజమాన్యాలపైనా కేసులు పెడతామని అదే వేదికపై హెచ్చరించారు. ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, తన ఆవరణను నేరానికి వాడుకోనిచ్చిన యజమానికీ శిక్ష ఉంటుంది. అయితే అది ‘తెలిసి’ అనుమతించినప్పుడు మాత్రమే.

ఇక్కడే చిక్కు. తెలిస్తే నేరం, తెలియకపోతే కాదు అన్నప్పుడు, తెలుసుకోకుండా ఉండటమే క్షేమమని యాజమాన్యం అనుకునే ప్రమాదం ఉంది. వార్డెన్‌కు సంగతి తెలిసినా పై వరకు చేరదు. విద్యార్థికి చెప్పకుండా టీసీ ఇచ్చి పంపేస్తే సంస్థ చేతులు దులుపుకుంటుంది. పిల్లవాడు అలవాటును వెంటబెట్టుకుని ఇంకో ఊరు వెళ్తాడు. సరుకు తెచ్చినవాడు అదే గేటు దగ్గర ఉంటాడు. హెచ్చరిక యాజమాన్యాల్లో కదలిక తేవచ్చు. ముందుకొచ్చి సమాచారం ఇచ్చిన సంస్థకు రక్షణ ఉంటుందన్న మాట దానితో పాటు వినిపించకపోతే, ఆ కదలిక దాచిపెట్టే వైపే సాగుతుంది.

ఆ రాత్రి ఫోన్ చేసేదెవరు?

ఒక పరిస్థితి ఊహించుకుందాం. అర్ధరాత్రి హాస్టల్ గదిలో నలుగురు. ఏ మాత్రో, ఏ పొడో తెలియనిది ఒకరు ఎక్కువగా తీసుకుని స్పృహ తప్పారు. మిగతా ముగ్గురి ముందు రెండే దారులు. 108కి ఫోన్ చేస్తే సెక్యూరిటీ వస్తుంది, వార్డెన్ వస్తారు, పోలీసులు వస్తారు. ‘మత్తు పదార్థాలతో సంబంధం ఉన్న ఎవరినైనా బహిష్కరిస్తాం’ అని అడ్మిషన్ నాడు నలుగురూ సంతకం పెట్టిన కాగితం గుర్తొస్తుంది. చేయకపోతే, తెల్లారేసరికి కోలుకుంటాడని ఆశపడటం.

ఆ నిమిషంలో పిల్లలు ఏం చేయాలో నేర్పాల్సింది నిబంధనే. అది భయం తప్ప ఇంకేమీ నేర్పకపోతే ప్రాణం పోతుంది.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ 2002లో దీనికొక మార్గం కనిపెట్టింది. మద్యం ఎక్కువై ప్రమాదంలో పడ్డ స్నేహితుడి కోసం అత్యవసర సాయం పిలిచినవారిపైనా, ఆ సాయం పొందినవారిపైనా క్రమశిక్షణ చర్యలు ఉండవని, బదులుగా కౌన్సెలింగ్ ఉంటుందని ప్రకటించింది. తర్వాత చేసిన అధ్యయనంలో సాయం కోసం వచ్చే ఫోన్లు పెరిగినట్టు, తాగుడు మాత్రం పెరగనట్టు తేలింది. ఆ తర్వాత ఎన్నో అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఇలాంటి విధానాలు తెచ్చాయి.

అదే దేశం తప్పు చేసి దిద్దుకున్న ఉదాహరణ కూడా ఉంది. డ్రగ్స్ కేసులో శిక్షపడిన విద్యార్థికి ఫెడరల్ ఆర్థిక సాయం ఆపేయాలని 1998లో చట్టం చేశారు. 2006లో దాన్ని సడలించారు. 2020లో చేసిన చట్టంతో పూర్తిగా తొలగించారు. చదువు మాన్పిస్తే అలవాటు మానరన్నది అక్కడ రెండు దశాబ్దాలు పట్టిన గ్రహింపు.

కేసు ముగిసినా వదలనివి

మన దగ్గర విచారణ ముగిసేలోపే శిక్ష మొదలవుతుంది. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు కోసం కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగానికి ధ్రువీకరణ పత్రంలో కేసు సంగతి రాయాలి, దాచితే అదే ఇంకో తప్పవుతుంది. చిన్న కేసుల్లో అభ్యర్థి వయసును, పరిస్థితులను చూసి నిర్ణయించవచ్చని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది. అయినా తుది మాట ఉద్యోగం ఇచ్చేవారిదే.

బీటెక్ తర్వాత అమెరికా అనుకునే తెలుగు కుటుంబాలకు ఇంకో విషయం. అమెరికా వలస చట్టంలో డ్రగ్స్ నేరం వీసా నిరాకరణకు నేరుగా కారణం. అక్కడికి వెళ్లాక కూడా అంతే. చాలా రాష్ట్రాల్లో గంజాయి దుకాణాల్లోనే దొరుకుతుంది. కానీ వలస వ్యవహారాలు నడిచేది ఫెడరల్ చట్టం మీద. రాష్ట్రం అనుమతించిందని స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు నమ్మితే నష్టపోయేది వాళ్లే.

పద్దెనిమిదేళ్లు నిండని మొదటి సంవత్సరం విద్యార్థి విషయం వేరు. అతని కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లాలి, ఆ రికార్డు అతని భవిష్యత్తుకు అనర్హత కాకూడదు. మైనరుకు మత్తు పదార్థం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. సరదాగా జూనియర్‌కు ఒక సిగరెట్ చుట్టి ఇచ్చిన సీనియర్‌కు ఈ సెక్షన్ గురించి తెలిసే అవకాశం తక్కువ.

కఠినంగా ఉంటే తప్పేంటి?

దీనికి అవతలి వాదన బలహీనమైనదేమీ కాదు. మెత్తబడితే క్యాంపస్ అడ్డాగా మారుతుందన్నది అధ్యాపకుల భయం. వాడేవాడే రేపు తన ఖర్చు కోసం అమ్ముతాడు. పెద్ద ముఠాలు విద్యార్థులను కొరియర్లుగా వాడుకుంటున్నాయి. పక్క గదిలో పొగ వస్తుంటే చదువుకోలేని పిల్లలకూ హక్కులుంటాయి. తల్లిదండ్రులు లక్షలు కట్టేది క్రమశిక్షణ ఉంటుందనే.

ఇవన్నీ నిజమే. అందుకే కావాల్సింది మెత్తదనం కాదు, మెట్లు. అమ్మకం, సరఫరా, మైనరుకు ఇవ్వడం వంటివి జరిగితే బేరం లేకుండా పోలీసులకు చెప్పాలి. సొంత వాడకం మొదటిసారి బయటపడితే కౌన్సెలింగ్, తల్లిదండ్రులకు సమాచారం, నిర్ణీత కాలం పరిశీలన. రెండోసారి అయితే హాస్టల్ నుంచి తొలగింపు లేదా ఒక సెమిస్టర్ విరామం, చికిత్స పూర్తయ్యాక తిరిగి చేరే హక్కు. స్నేహితుడి ప్రాణం కోసం ఫోన్ చేసినవారిపై సంస్థ పరంగా చర్య ఉండదన్న హామీ. పోలీసుల చేతుల్లో ఉన్నదాన్ని విశ్వవిద్యాలయం మార్చలేదు. తన చేతుల్లో ఉన్నదాన్ని మార్చుకోవచ్చు.

విచారణ పద్ధతి కూడా రాసి ఉండాలి. విద్యార్థి భవిష్యత్తును దెబ్బతీసే నిర్ణయానికి ముందు అతని వాదన వినాలని పరీక్షల అక్రమాల కేసులోనే 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. వార్డెన్ అనుమానం, వాట్సాప్‌లో తిరిగిన ఫొటో సాక్ష్యాలు కావు. ఒక గదిలో ముగ్గురుంటే ఒకరి అల్మరాలో దొరికినదానికి ముగ్గురినీ గెంటేయడం న్యాయం కాదు.

ఇంకొకటి, గోప్యత. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ దుర్వినియోగంతో ముడిపడిన మానసిక సమస్యలను మానసిక అనారోగ్యంగానే గుర్తించింది, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంది. కౌన్సెలర్‌కు చెప్పిన మాట మర్నాడు డీన్ బల్ల మీద ఉంటుందని తెలిస్తే ఆ గది తలుపు ఎవరూ తట్టరు.

ఆ కౌన్సెలర్ ఉండటం కూడా ఇప్పుడు సంస్థ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. ఆ నియామకం కాగితం మీదే ఉండిపోతే ఇక్కడ చెప్పిన మెట్లలో మొదటిదే కూలుతుంది.

సంతకానికి ముందు

రహదారి మీద తనిఖీలు కొనసాగుతాయి, కొనసాగాలి కూడా. ‘ఆపరేషన్ పరివర్తన’ కింద పంట ధ్వంసం చేసిన ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంత కాల్చిన తర్వాత కూడా ఈ సరుకు అంతరించిపోలేదు. కొండ మీద, చెక్‌పోస్టు దగ్గర ఆగనిది చివరికి హాస్టల్ గది దాకా వస్తుంది. అక్కడ దాన్ని ఎదుర్కొనేది ఒక వార్డెన్, ఇద్దరు ముగ్గురు పిల్లలు, వాళ్ల చేతిలో ఉన్న నిబంధనల పుస్తకం.

అడ్మిషన్ రోజున ఆ పుస్తకం చివరి పేజీలో సంతకం పెట్టే తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. మొదటిసారి పట్టుబడితే ఏం చేస్తారు? నిర్ణయం తీసుకునే ముందు పిల్లవాడి మాట వింటారా? కౌన్సెలర్ ఉన్నారా, ఆయన లేదా ఆమె ఎవరికి జవాబుదారీ? ప్రమాదంలో ఉన్న స్నేహితుడి కోసం ఫోన్ చేస్తే మా అమ్మాయిని కూడా పంపించేస్తారా?

రాయ్‌పూర్ అయినా, హైదరాబాద్ అయినా, విశాఖ అయినా, ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలిగిన సంస్థ మాత్రమే తన విద్యార్థుల గురించి ఆలోచించినట్టు. ఇంట్లో కూడా పిల్లలకు ఒక్క మాట ముందే చెప్పి పంపాలి: ఏం జరిగినా ముందు ఫోన్ చెయ్యి, మిగతాది తర్వాత చూసుకుందాం. మత్తు నుంచి బయటపడాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446. అమ్మకాల సమాచారం ఇవ్వాలంటే 1933. ఈ రెండు నంబర్లూ హాస్టల్ నోటీసు బోర్డు మీద పక్కపక్కనే ఉండాలి.